బిగిసిన ఇటుక



ఇంట్లో ఏదన్నా బిగుసుకుపోతే మనం ఏం చేస్తాం? పచ్చడి జాడీ మూత రాకపోతే తడిలేని గుడ్డ పట్టి తిప్పుతాం. గిన్నెలో గిన్నె ఇరుక్కుంటే పై గిన్నెలో చన్నీళ్లు పోస్తాం. కింది గిన్నెను వేడినీళ్లలో పెడతాం. కాసేపటికి రెండూ విడిపోతాయి. బలం కంటే ఉపాయం ముఖ్యమని మనకు ఎవరూ నేర్పలేదు. వంటింట్లో మనమే నేర్చుకున్నాం.

ఆ ఉపాయమే మరుగుదొడ్డి దగ్గర కూడా పనికొస్తుంది. ఎట్లాగో ఈ పాఠంలో చదువుదాం.

1. నీళ్లు పోలేదు

ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ మెట్టలో ఒక ఊరు. ఆ ఊరి పేరు చెప్పడం లేదు. మనుషుల పేర్లు కూడా చెప్పడం లేదు. ఎందుకంటే ఇది మీ ఊరిలోనూ జరగవచ్చు. మీ ఇంట్లోనూ జరగవచ్చు.

ఆ ఇంట్లో అత్త, మామ, కొడుకు, కోడలు ఉంటారు. కొడుకు లారీ డ్రైవరు. పది రోజులకొకసారి ఇంటికి వస్తాడు. మామకు మోకాళ్ల నొప్పులు. కోడలికి ఆరో నెల.

2018లో వాళ్లు మరుగుదొడ్డి కట్టుకున్నారు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ పథకం కింద ఒక్కో ఇంటికి 12,000 రూపాయలు సాయం ఇచ్చేవారు. ఆ డబ్బుకు ఇంకొంత కలుపుకుని కట్టుకున్నారు.

ఏడేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. 2025 జూన్‌లో ఒకరోజు పొద్దున కోడలు బకెట్టుతో నీళ్లు పోసింది. నీళ్లు దిగలేదు. బేసినులో పైకి వచ్చాయి.

"అత్తా, నీళ్లు పోవడం లేదు" అంది కోడలు.

"ఇంకో బకెట్టు పొయ్యి మే" అంది అత్త.

ఇంకో బకెట్టు పోసింది. నీళ్లు అంచు దాకా వచ్చి నిలబడ్డాయి.

ఆ రాత్రి కోడలు చెంబు తీసుకుని చేను గట్టుకు పోవాల్సి వచ్చింది. అత్త టార్చిలైటు పట్టుకుని వెంట పోయింది. చీకటి. రాళ్లు. పాములు తిరిగే కాలం. కడుపుతో ఉన్న పిల్ల కాలు జారితే? అత్తకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2. మూడు వేల బేరం

తెల్లారి అత్త టౌనుకు ఫోను చేయించింది. ఒకాయన వచ్చి చూశాడు.

"గుంట నిండిపోయిందమ్మా. ఇద్దరు కుర్రోళ్లని దించుతా. ఎత్తి పోస్తారు. మూడు వేలు అవుద్ది" అన్నాడు.

అత్త ఒప్పుకోబోయింది. అంతలో పక్కింటి వదిన వచ్చింది. ఆమె తాపీ మేస్త్రీల దగ్గర కూలికి పోతుంది. ఇసుక మోస్తుంది. సిమెంటు కలుపుతుంది. ఇరవై ఏళ్లుగా అదే పని.

"ఎవుర్నీ దించబాకు వదినా" అంది ఆమె. "నిన్నటి దాకా వాడిన గుంటలో విషగాలి ఉంటది. దిగినోళ్లు దిగినట్టే పడిపోతారు. వాళ్లని లాగేదానికి ఇంకొకరు దిగితే వాళ్లూ పడిపోతారు. వాళ్లు కూడా ఒక తల్లి బిడ్డలే గదా!"

అత్త ఉలిక్కిపడింది. "మరి ఏం జేసేది?" అంది.

"మీది రెండు గుంటల దొడ్డి గదా! ఒకటి నిండితే రెండోది ఉండాది. దారి మార్చుకుంటే సరిపోతది. ఆ పని మనమే చేసుకోవచ్చు. చాంబరు మూత తియ్యాల. అందులో ఒక అడ్డు ఇటుక ఉంటది. దాన్ని తియ్యాల. అంతే."

టౌను ఆయన్ను పంపించేశారు.

3. రెండు గుంటలు ఎందుకు?

ఇక్కడ కాసేపు ఆగుదాం. మరుగుదొడ్డి ఎట్లా పని చేస్తుందో తెలుసుకుందాం.

బేసిను కింద కొంకిలాగా వంగిన గొట్టం ఉంటుంది. మేస్త్రీలు దాన్ని ట్రాప్ అంటారు. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీళ్లే వాసనను పైకి రాకుండా ఆపుతాయి. ఈగలను కూడా ఆపుతాయి.

ట్రాప్ తరువాత ఒక గొట్టం. ఆ గొట్టం చివర చిన్న తొట్టి. దాన్నే చాంబరు అంటారు. చాంబరులోకి ఒక దారి వస్తుంది. చాంబరులో నుంచి రెండు దారులు పోతాయి. చూడటానికి పంగలకర్రలాగా ఉంటుంది. ఒక దారి మొదటి గుంటకు పోతుంది. ఇంకో దారి రెండో గుంటకు పోతుంది.

ఒక్కోసారి ఒక్క దారే తెరిచి ఉండాలి. రెండో దారికి ఇటుక అడ్డం పెట్టాలి.

గుంటలను సిమెంటు వరలతోనో ఇటుకలతోనో కడతారు. వాటికి చుట్టూ రంధ్రాలు ఉంటాయి. అడుగున సిమెంటు వేయరు. నీళ్లు నేలలోకి ఇంకిపోతాయి. గాలి కూడా మట్టిలోకే పోతుంది. మలం మాత్రం మిగులుతుంది.

మొదటి గుంట నిండిందనుకోండి. అడ్డు ఇటుకను మార్చాలి. అప్పుడు అంతా రెండో గుంటలోకి పోతుంది. మొదటి గుంటను రెండేళ్లు ముట్టుకోకూడదు. ఆ రెండేళ్లలో మలం మట్టిలాగా మారుతుంది. వాసన పోతుంది. రోగాలు తెచ్చే క్రిములు చచ్చిపోతాయి. ఎరువు తయారవుతుంది. ఆ ఎరువు తీసేస్తే గుంట మళ్లీ ఖాళీ. ఈలోపల రెండో గుంట పనిచేస్తూ ఉంటుంది.

కొందరు మేస్త్రీలు కట్టేటప్పుడు రెండు దారులూ తెరిచి పెట్టేస్తారు. అది తప్పు. అట్లా చేస్తే రెండు గుంటలూ ఒకేసారి నిండుతాయి. అప్పుడు మారడానికి గుంట ఉండదు. మీ ఇంట్లో ఎట్లా ఉందో చూసుకోండి.

4. అడ్డం ఎక్కడ ఉంది?

నీళ్లు పోకపోతే గుంట నిండిందనే అనుకోకూడదు. ముందు అడ్డం ఎక్కడుందో కనిపెట్టాలి. చాంబరు మూత తీసి చూస్తే తెలిసిపోతుంది.

చాంబరు ఖాళీగా ఉందా? అయితే అడ్డం బేసినుకూ చాంబరుకూ నడుమ ఉంది. గుడ్డముక్కో, ప్లాస్టిక్ కవరో, పిల్లల బొమ్మో ట్రాప్‌లో ఇరుక్కుని ఉంటుంది. సన్నని వెదురు బద్ద తీసుకోండి. చివర గుడ్డ గట్టిగా కట్టండి. వంపు దాకా మెల్లగా పోనిచ్చి ముందుకూ వెనక్కూ ఆడించండి. గడ్డపార పెట్టవద్దు. బేసిను పగిలిపోతుంది.

ఇక్కడ ఒక మాట సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. నెలసరి గుడ్డలు, ప్యాడ్లు బేసినులో వేయకూడదు. అవి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. ట్రాప్‌లో బిగుసుకుంటాయి. వాటిని కాగితంలో చుట్టి వేరేగా పారేయాలి. ఆడపిల్లలకు ఈ సంగతి మనమే చెప్పాలి.

చాంబరులో నీళ్లు నిండుగా ఉన్నాయా? అయితే అడ్డం చాంబరు దాటాక ఉంది. తెరిచి ఉన్న దారిలోకి పొడుగు కర్ర పోనివ్వండి. కర్రకు ఏదన్నా తగిలితే గొట్టంలో అడ్డం ఉన్నట్టు. కర్ర హాయిగా పోతున్నా నీళ్లు దిగకపోతే గుంట నిండినట్టు.

5. మూత రాలేదు

అత్త, పక్కింటి వదిన చాంబరు దగ్గరకు పోయారు. కోడలిని బరువులు ఎత్తవద్దన్నారు. ఆమె పిల్లలను దగ్గరకు రానీయకుండా చూసింది.

చాంబరు మీద సిమెంటు పలక. చుట్టూ సిమెంటు పూసేశారు. ఏడేళ్లుగా ఎండిన సిమెంటు. అత్త గడ్డపార తెచ్చింది. పలక నడిమధ్యన ఒక్క పోటు పొడిచింది. పలక మీద వెంట్రుకంత పగులు వచ్చింది. మూత మాత్రం కదల్లేదు.

"ఆగు వదినా!" అంది పక్కింటామె. "పలక పగిలితే కొత్త పలక కొనాల. పగిలిన పలక మీద పిల్లోళ్లు ఎక్కితే లోపల పడతారు."

అత్తకు విసుగు వచ్చింది. "ఇది వచ్చేది కాదులే" అని కూలబడింది.

పక్కింటామె నవ్వింది. "1992లో దూబగుంట ఆడోళ్ల సంగతి విని మనం కూడా సారా కొట్టు మీదికి పోలా? ఆ కొట్టు మూయించినోళ్లం. ఈ మూత తియ్యలేమా?"

అత్తకు కూడా నవ్వు వచ్చింది. అప్పుడు వాళ్లిద్దరికీ చిన్న వయసు. రాత్రి బడిలో పక్కపక్కన కూర్చుని అక్షరాలు దిద్దారు. మన జిల్లా ఆడవాళ్లు మొదలుపెట్టిన ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఒక్కరి వల్ల అయిన పని కాదది. ఒక్క దెబ్బతో అయిన పని కూడా కాదు.

ఈ మూత కూడా ఒక్క దెబ్బతో రాదు. వాళ్లు ఏం చేశారో చూడండి.

మొదట పలక చుట్టూ ఉన్న మట్టి తీసేశారు. సిమెంటు గీత ఎక్కడుందో బాగా కనపడింది.

తరువాత చిన్న ఉలి, సుత్తి తీసుకున్నారు. ఆ గీత వెంబడి మెల్లగా కొట్టుకుంటూ పోయారు. ఒకే చోట గట్టిగా కొట్టలేదు. నాలుగు వైపులా కొంచెం కొంచెంగా కొట్టారు. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. అరగంట పట్టింది.

అప్పుడు గడ్డపార మొనను పలక అంచు కిందికి పోనిచ్చారు. గడ్డపార కింద ఒక చిన్న రాయి పెట్టారు. రెండో కొసను కిందికి నొక్కారు. పలక లేచింది. సందులో కర్రముక్క పెట్టారు. వేళ్లు పెట్టలేదు. పలకను పైకి ఎత్తలేదు. పక్కకు జరిపారు. బరువు ఎత్తే పని గడ్డపారది. మనది కాదు.

మూత జరపగానే ఇద్దరూ దూరంగా పోయి నిలబడ్డారు. ఒక అరగంట గాలి ఆడనిచ్చారు. మామ బీడీ వెలిగించబోతే అత్త లాక్కుంది. లోపలి గాలికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

6. ఊగే పన్ను

చాంబరులో నీళ్లు నిండుగా ఉన్నాయి. కర్రతో చూశారు. కర్ర బాగానే పోయింది. అంటే మొదటి గుంట నిండింది.

చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకున్నారు. పొడుగు కర్రకు మగ్గు కట్టారు. నీళ్లు తోడి బకెట్టులో పోశారు. అడుగున అడ్డు ఇటుక కనపడింది. దాని చుట్టూ కూడా సిమెంటు పూసేశారు.

"ఎంత గట్టిగా పూశాడో చూడు. మంచి మేస్త్రీ!" అంది అత్త.

"మంచి మేస్త్రీ అయితే ఇట్టా చెయ్యడు వదినా. ఇటుక గోడలో అయితే అంటించాల. ఇక్కడ ఆనించాల. మళ్లీ తీసేదానికే గదా పెట్టేది!"

ఇటుకను ఒక్క దెబ్బతో పగలగొట్టాలని అత్తకు అనిపించింది. పక్కింటామె వద్దంది. ఎందుకు? ఇటుక లోపలి వైపుకు పడితే గొట్టంలో ఇరుక్కుంటుంది. అప్పుడు రెండో దారి కూడా మూసుకుపోతుంది. గట్టిగా కొడితే గొట్టం పగిలిపోతుంది. గొట్టం పగిలితే నేలంతా తవ్వాలి.

"పిల్లోళ్లకి ఊగే పన్ను ఎట్టా తీస్తాం? అటూ ఇటూ ఆడిస్తాం గదా! ఇదీ అంతే."

పాత స్క్రూడ్రైవరుతో ఇటుక చుట్టూ సిమెంటు గీరారు. తరువాత ఇటుకను ఎడమవైపు నుంచి చిన్నగా తట్టారు. కుడివైపు నుంచి చిన్నగా తట్టారు. మళ్లీ గీరారు. మళ్లీ తట్టారు. మొఖం చాంబరు మీదికి వంచకుండా పక్కన కూర్చుని చేశారు. ఇద్దరూ వంతులు మార్చుకున్నారు.

కాసేపటికి ఇటుక కదిలింది. వంచిన ఇనుప కొక్కేన్ని ఇటుక వెనక తగిలించి తమ వైపుకు లాగారు. సగం ముక్క ఊడి వచ్చింది. మిగతా సగాన్ని పాత పట్టకారుతో పట్టి తీశారు. ఒక్క పెంకు కూడా గొట్టంలో వదలలేదు.

నీళ్లు గలగలమంటూ రెండో గుంటలోకి పోయాయి.

కోడలు దూరం నుంచే చప్పట్లు కొట్టింది.

తోడిన మురికినీళ్లను కూడా ఆ దారిలోనే పోసేశారు. తరువాత కొత్త ఇటుక ముక్క తీసుకుని మొదటి గుంట దారికి అడ్డం పెట్టారు. ఈసారి సిమెంటు వాడలేదు. మెత్తగా పిసికిన బంకమట్టి చుట్టూ మెత్తారు. మూత మళ్లీ జరిపారు. అంచుల్లో ఒక పాలు సిమెంటుకు పది పాళ్లు ఇసుక కలిపి పూశారు. ఈ పూత వాసనను ఆపుతుంది. కావాల్సినప్పుడు ఊడి వస్తుంది. పగులు వచ్చిన పలక మీద ఎవరూ కాలు పెట్టకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. కొడుకు రాగానే కొత్త పలక తెమ్మన్నారు.

చేతులు, కాళ్లు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నారు. పనిముట్లు కడిగి ఎండలో పెట్టారు.

7. గోడ మీద రాత

పని అయిపోయింది. ఇంకొక పని మిగిలింది.

"ఈ గుంట ఎప్పుడు మూశామో మనకు గుర్తుంటదా?" అంది కోడలు.

అత్త సుద్దముక్క తెచ్చింది. తరువాత సుద్ద చెరిగిపోతుందని పెయింటు డబ్బా తెచ్చింది. మరుగుదొడ్డి గోడ మీద తన చేత్తో ఇట్లా రాసింది:

మొదటి గుంట మూసిన తేదీ: 15-6-2025
తెరవాల్సిన తేదీ: 15-6-2027 తరువాత
ఇటుకకు సిమెంటు పూయవద్దు

రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు అవి. కొంచెం వంకరగా ఉన్నాయి. అయినా ఎవరైనా చదవగలరు. రెండేళ్ల తరువాత మూత తీసేవాళ్లకు ఆ మూడు లైన్లు ఎంతో మేలు చేస్తాయి.

2018లో ఎవరన్నా ఇట్లా రాసి పెట్టి ఉంటే? ఇంట్లో వాళ్లకు రెండు గుంటల సంగతి ముందే తెలిసేది. మూడు వేల బేరం దాకా పోయేది కాదు.

8. గుంటలోకి దిగవచ్చా?

వాడుతున్న గుంటలోకి దిగకూడదు. నిండిన గుంటలోకీ దిగకూడదు. సెప్టిక్ ట్యాంకులోకి ఎప్పుడూ దిగకూడదు. కుళ్లిన మలంలో నుంచి విషగాలి పుడుతుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలి ఎక్కువైతే ఆ వాసన కూడా తెలియదు. మనిషి స్పృహ తప్పుతాడు.

మనుషుల చేత మలం ఎత్తించడం నేరం. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం కూడా నేరం. 2013లో వచ్చిన చట్టం ఈ మాట చెబుతోంది. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఎన్ని లక్షలు ఇచ్చినా పోయిన మనిషి తిరిగి రాడు. సెప్టిక్ ట్యాంకు నిండితే నీళ్లు లాగే మిషను బండిని పిలవాలి.

మరి రెండేళ్లు మూసి ఉంచిన గుంట సంగతి ఏమిటి? అది వేరు. అందులో ఉండేది మలం కాదు. ఎరువు.

ఇది నిజమని చూపించడానికి ఒక పెద్ద అధికారి గుంటలోకి దిగాడు. 2017 ఫిబ్రవరిలో తెలంగాణలోని వరంగల్ వైపు గంగదేవిపల్లిలో ఈ సంగతి జరిగింది. అప్పుడు కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శిగా ఉన్న పరమేశ్వరన్ అయ్యర్ అక్కడికి వచ్చారు. వాడకం ఆపి మూసి ఉంచిన మరుగుదొడ్డి గుంటలోకి దిగి ఎరువు ఎత్తారు. ఆయన ఢిల్లీలో పెద్ద ఉద్యోగి. ఆయన దిగింది ఆ పని నీచం కాదని చెప్పడానికి. ఇది ఒక కులం వాళ్లు చేయాల్సిన పని కాదు. ఎవరి ఇంటి పని వాళ్లు చేసుకోవచ్చు.

ఎరువు తీసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. వానాకాలంలో తీయవద్దు. మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనివ్వండి. పై నుంచి కర్రతో కదిపి చూడండి. తడిగా ఉన్నా, వాసన వచ్చినా మళ్లీ మూసేయండి. ఇంకొన్ని నెలలు ఆగండి. నల్లమట్టిలాగా పొడిగా ఉంటేనే తీయండి. ఆ ఎరువును మామిడి, నిమ్మ చెట్ల పాదుల్లో వేసుకోవచ్చు. ఆకుకూరలకు వేయవద్దు.

9. కొళాయికీ ఇదే ఉపాయం

మన మెట్ట ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, చవ్వగా ఉంటాయి. ఆ నీళ్లకు కొళాయి మీద తెల్లని పెచ్చు కడుతుంది. నట్టు బిగుసుకుపోతుంది. మరుగుదొడ్డిలో కొళాయి కారుతున్నా విప్పలేం.

ముందు నీళ్లు వచ్చే వాల్వు కట్టేయండి. నిమ్మరసంలో గుడ్డ తడిపి నట్టుకు చుట్టండి. రాత్రంతా ఉంచండి. పులుపుకు పెచ్చు మెత్తబడుతుంది. తుప్పు పట్టిన నట్టు అయితే కొంచెం నూనె వేసి కొన్ని గంటలు ఆగండి. తరువాత పానాతో పట్టి తిప్పండి. నట్టుకు ఎదురుగా నిలబడి ఎడమ చేతి వైపుకు తిప్పితే వదులవుతుంది. కుడి చేతి వైపుకు తిప్పితే బిగుస్తుంది. సీసా మూత కూడా అంతే కదా!

కదలకపోతే కొంచెం బిగించే వైపుకు తిప్పండి. మళ్లీ విప్పే వైపుకు తిప్పండి. ఊగే పన్ను గుర్తుంది కదా! ఒక చేత్తో గొట్టాన్ని పట్టుకోండి. లేకపోతే గోడలోని గొట్టం తిరిగి విరిగిపోతుంది.

కొత్త కొళాయి పెట్టేటప్పుడు మరలకు తెల్లటేపు చుట్టండి. నీళ్లు కారవు. మళ్లీ విప్పేటప్పుడు సులువుగా వస్తుంది.

ఒక హెచ్చరిక. అడ్డం పోతుందని బేసినులో యాసిడ్ పోస్తుంటారు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ కలపవద్దు. రెండూ కలిస్తే విషగాలి వస్తుంది. ఊపిరి ఆడదు. తలుపు మూసిన చిన్న గదిలో అది ఇంకా ప్రమాదం.

గుర్తుంచుకుందాం

బిగిసినదాన్ని కొట్టే ముందు, ఎందుకు బిగిసిందో చూడాలి.
చుట్టూ శుభ్రం చేయాలి. నానబెట్టేది నానబెట్టాలి. గీరేది గీరాలి.
అటూ ఇటూ ఆడించాలి. మన వైపుకు లాగాలి. లోపలికి నెట్టకూడదు.
మళ్లీ తీయాల్సినదాన్ని తీయడానికి వీలుగా పెట్టాలి.
తేదీ రాసి పెట్టాలి.
గుంటలోకి మనిషిని దించకూడదు.

చెప్పండి

1. చాంబరు ఖాళీగా ఉంటే అడ్డం ఎక్కడ ఉన్నట్టు?
2. అడ్డు ఇటుకను లోపలికి ఎందుకు నెట్టకూడదు?
3. "ఇటుక గోడలో అయితే అంటించాల. ఇక్కడ ఆనించాల." ఈ మాటకు అర్థం ఏమిటి?
4. టౌను ఆయన ఇద్దరిని దించుతానన్నప్పుడు పక్కింటామె ఎందుకు వద్దంది?

ఖాళీలు పూరించండి

1. మూసిన గుంటను ........ ఏళ్లు ముట్టుకోకూడదు.
2. నట్టును ........ చేతి వైపుకు తిప్పితే వదులవుతుంది.
3. యాసిడ్‌లో ........ కలపకూడదు.

లెక్క చేయండి

ఒక ఇంట్లో మొదటి గుంటను 10-3-2026న మూశారు. రెండేళ్లు ఎప్పటికి నిండుతాయి? తేదీ రాయండి.

మాట్లాడుకోండి

మీ సంఘం మీటింగులో ఈ సంగతి ఎత్తండి. మీలో ఎందరి ఇళ్లలో రెండు గుంటలు ఉన్నాయి? ఎందరికి చాంబరు ఎక్కడ ఉందో తెలుసు? ఎవరి ఇంట్లో రెండు దారులూ తెరిచి ఉన్నాయి? తాపీ పనికి పోయే అక్క మీ ఊళ్లో ఉంటే ఆమెను పిలిచి చూపించమనండి.

మీ గోడ మీద రాయండి

మొదటి గుంట వాడటం మొదలుపెట్టిన తేదీ: ....................
మొదటి గుంట మూసిన తేదీ: ....................
తెరవాల్సిన తేదీ: ....................
రాసినవారు: ....................

చివరి లైనులో మీ పేరు రాయండి. అది మీ ఇల్లు. మీ గోడ. మీ అక్షరం.